పట్టీ వెనక బొటనవేలు

మా ఇంట్లో అబద్ధానికి ఒక చోటు ఉండేది. నా ప్యాంటు భుజం పట్టీ వెనక, ఎడమ వైపు. అబద్ధం చెప్పదలచుకుంటే ముందుగా ఎడమ చేతి బొటనవేలు ఆ పట్టీ వెనక్కి దూర్చాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. ఈ చట్టం చేసింది నా భార్య మేవిస్. చట్టం రావడానికి కారణం ఒక దుప్పి.

ఆ దుప్పి ప్రతి ఆదివారం మా ఊరి చర్చికి వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చునేదనీ, పాటలు మాలో చాలామంది కంటే బాగా పాడేదనీ, చందా పళ్ళెం తిప్పే వేళకు మాత్రం దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి జారుకునేదనీ నా మనవరాలు టెస్సీకి చెప్పాను. అయిదేళ్ళ పిల్ల. అది వెళ్ళి బళ్ళో చెప్పింది. చెప్పి ఊరుకుందా, నమ్మనన్న పిల్లవాడి చెయ్యి కొరికింది. టీచరమ్మ ఫోను చేసింది. మేవిస్ ఫోను పెట్టేసి, నడుం మీద చేతులేసుకుని, నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, నీ కోతలకి ఆ పసిదాన్ని బలిపెడతావా?"

"దుప్పి సంగతి నిజమేనే. కావాలంటే పాస్టరుగార్ని అడుగు, పళ్ళెం చూసి దగ్గేవాళ్ళు ఎంతమందో."

"నోర్ముయ్. ఈరోజు నుంచి అబద్ధం చెప్పేముందు వేలు పట్టీ వెనక పెట్టు. దానికి తెలియాలి, ఏది కథో ఏది కబురో."

అప్పటినుంచి నేను నోరు తెరిస్తే చాలు, టెస్సీ చూపు నా ముఖం మీద కాక బొటనవేలి మీద ఉండేది. వేలు లోపలికి పోయిందా, కిలకిలమని నవ్వి ఒళ్ళోకి ఎగబాకేది. బయట ఉందా, బుద్ధిగా వినేది. రెండూ దానికి ఇష్టమే. ఆ చట్టం నాకూ నచ్చింది. అబద్ధానికి అంత మర్యాద ఇచ్చిన ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

మాది అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రపు తూర్పు కొస. వేసవి చివర బ్లూబెర్రీలు ఏరతాం, చలి మొదలయ్యాక ఫర్ చెట్ల కొసలు తుంచుతాం, మిగతా రోజుల్లో సముద్రం ఏమిస్తే అది తింటాం. ఫర్ రెమ్మ చివర జానెడు తుంచి, గుత్తులు పేర్చి, గుండ్రటి ఇనుప తీగచుట్టకు బిగించి కడితే దండ అవుతుంది. క్రిస్మస్‌కి పట్నాలవాళ్ళు తలుపులకు తగిలించుకునేవి అవే. మా పెరటి కొట్టంలో నేనూ మేవిస్ కూర్చుని కట్టేవాళ్ళం. వేళ్ళకు అంటిన బంక పందికొవ్వు రాసి తోమితే తప్ప వదిలేది కాదు. ఆ వాసన మాత్రం దేనికీ వదిలేది కాదు.

ఈ పనికి ఒకటే నియమం. గట్టి మంచు మూడు రాత్రులు కురవాలి. అప్పటిదాకా కొసలు ముట్టకూడదు. చలి బాగా తగిలితే గాని చెట్టు తన ఆకుని గట్టిగా పట్టుకోదు. తొందరపడి ముందే తుంచారో, దండ కట్టిన వారానికి ఆ సూదుల్లాంటి ఆకులన్నీ రాలిపోయి చేతిలో తీగ మిగులుతుంది. ఆ ఏడు చలి రానే లేదు. అక్టోబరు అంతా గోరువెచ్చగా, జ్వరం తగ్గీ తగ్గని మనిషి నుదురులా ఉంది. ఊరంతా ఆకాశం వంక చూస్తూ కూర్చుంది.

మా ఇంట్లో చలికోసం అందరికంటే ఎక్కువ తొందరపడింది టెస్సీ.

దానికి కారణం ఉంది. వాళ్ళమ్మ డార్సీ, నా కూతురు. పీతల ఫ్యాక్టరీలో మణికట్లు పాడై నొప్పికి మాత్రలు మొదలుపెట్టింది. మాత్రలు దొరకడం ఆగిపోయాక ఆగనిది ఇంకొకటి మొదలైంది. ఆ వేసవి నుంచి బ్యాంగర్ పట్నంలో మత్తు మాన్పించే ఇంట్లో ఉంటోంది. ఇలాగే బాగుంటే క్రిస్మస్‌కి ఇంటికి పంపిస్తామన్నారు. ఇక టెస్సీ లెక్క తేలికే: అమ్మ క్రిస్మస్‌కి వస్తుంది, కాబట్టి క్రిస్మస్ ఎంత ముందొస్తే అమ్మ అంత ముందొస్తుంది. ఈ లెక్కలో తప్పు పట్టగల మొనగాడు నాకు ఇప్పటికీ తారసపడలేదు.

అక్టోబరు నడిమిలోనే పొయ్యి పక్కనున్న మేకుకి క్రిస్మస్ కానుకలు వేసే ఎర్ర మేజోడు వేలాడింది. మేవిస్ దాన్ని తీసి, మడతపెట్టి, సొరుగులో పెట్టింది. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మేజోడు మళ్ళీ మేకుకే ఉంది. మళ్ళీ తీసింది. ఇద్దరూ ఒక్క మాట అనుకునేవాళ్ళు కాదు. నేను కాఫీ తాగుతూ, బంతి ఎటు పోతే అటు తల తిప్పేవాడిలా ఇద్దర్నీ చూసేవాడిని.

చివరికి ఒకరోజు మేవిస్సే నోరు విప్పింది.

"టెస్సీ, ముందు ఏ పండగ వస్తుంది?"

"క్రిస్మస్."

"మళ్ళీ చెప్పు."

"కృతజ్ఞతల పండగ," అంది టెస్సీ, చేదుమందు మింగినట్టు.

"ఆ పండగ భోజనాలయ్యి, నేను కంచాలు కడిగి, నువ్వు తుడిచి, ఆఖరి కంచం అలమరలోకి వెళ్ళేదాకా ఈ ఇంట్లో క్రిస్మస్ మాట వినపడకూడదు."

"మరి కొట్టంలో దండలకి అన్ని తీగచుట్టలున్నాయిగా!"

"అది సరుకు. సరుకు వేరు, పండగ వేరు."

"కృతజ్ఞతల పండక్కి ఏమిస్తారసలు? బొమ్మలివ్వరు, పాటలుండవు. మొక్కజొన్న గింజలిస్తారు!"

అదీ నిజమే. మేవిస్ పుట్టింటివారి ఆచారం అది. పండగనాడు ప్రతి కంచం పక్కనా అయిదు ఎండు మొక్కజొన్న గింజలు పెడుతుంది. ఒక్కో గింజ చేతిలోకి తీసుకుని, దేనికి కృతజ్ఞతో చెప్పి, గిన్నెలో వెయ్యాలి. అయిదూ అయ్యాకే కాల్చిన టర్కీ కోడి కోత. మేవిస్ దానికి తనదిగా ఇంకో కొర్రీ తగిలించింది: అప్పటికే వచ్చినదానికే చెప్పాలి. వస్తుందనుకున్నదానికి చెప్పకూడదు.

"అమ్మ వస్తున్నందుకు అని చెప్పొచ్చా?"

"వచ్చిందా?"

"రాలేదు."

"అయితే వచ్చాక చెప్పు. రానిదానికి చెప్పేది కృతజ్ఞత కాదే పిల్లా, బేరం."

టెస్సీ నా వైపు తిరిగింది. నేను వెంటనే బొటనవేలు పట్టీ వెనక్కి దూర్చి, "ఒక ఏడు మా అన్న రానిదానికి చెప్పాడు, వాడి గింజ గిన్నెలోంచి ఎగిరొచ్చి వాడి ముక్కులో దూరింది, ఇప్పటికీ తుమ్మితే పేలాలు పడతాయి," అన్నాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. మేవిస్ కూడా మొహం అటు తిప్పుకుంది. నవ్వు కనపడితే తన పరువు పోతుందని ఆమె భయం.

ఆదివారాలు చర్చి అయ్యాక డార్సీ ఫోను వచ్చేది. వంటింటి గోడకున్న పాత ఫోను. టెస్సీ ముక్కాలిపీట ఎక్కి నిలబడేది. నేను వంగి, నా చెవికీ దాని చెవికీ మధ్యన పెట్టుకునేవాడిని.

"అమ్మా, మంచు ఇంకా కురవలేదు. నువ్వున్న చోట కురిసిందా?"

"లేదురా బంగారం. కిటికీలోంచి రోజూ చూస్తున్నా."

"క్రిస్మస్ ఈ వారమే చేసేసుకుందామా?"

డార్సీ నవ్వింది. ఆ నవ్వు విని మేవిస్ చేతిలో గరిట ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలాకాలమైంది.

"అమ్మమ్మ ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు. గింజలంటుంది."

"అయితే గింజలయ్యాకే. నాన్నా, ఉన్నావా? దీనికి సముద్రం మరిచిపోయిన కథ చెప్పావా?"

చెప్పలేదు. అక్కడే, ఫోను మధ్యలో పెట్టుకుని, వేలు పట్టీలో దూర్చి చెప్పాను. ఒకరోజు ఆటుతో వెనక్కి వెళ్ళిన సముద్రం పోటుకు తిరిగిరావడం మరిచిపోయింది. పడవలన్నీ బురదలో కూలబడ్డాయి. మా తాత భోజనం డబ్బా పట్టుకుని సముద్రం అడుగునే నడుచుకుంటూ స్పెయిన్ దాకా వెళ్ళాడు. చూస్తే అక్కడ ఇసుక మీద సముద్రం గుర్రుపెట్టి నిద్రపోతోంది. "ఏమ్మా, అక్కడ మా పడవలు ఎండిపోతుంటే ఇక్కడ నిద్రా నీకు?" అని మడమతో ఒక్కటిచ్చాడు. అది ఉలిక్కిపడి లేచి పరుగెత్తింది. మా తాత మొదటి అల మీద కూర్చుని ఇంటికొచ్చేశాడు. డబ్బాలో కూర ఇంకా వేడిగానే ఉంది.

"వేలు లోపలుందా?" అడిగింది డార్సీ.

"ఉంది!" అరిచింది టెస్సీ.

"నా చిన్నప్పుడు ఈ వేలు చట్టం లేదే. అన్నీ నమ్మేశాను," అంది డార్సీ. నవ్వుతూనే అంది. తర్వాత, "నాన్నా, బాగానే ఉన్నాను," అంది. నేను అడగలేదు. అడగకుండా చెప్పింది.

ఆఖరికి నవంబరులో మంచు కురిసింది. వరసగా మూడు రాత్రులు. మూడో పొద్దున గడ్డి మీద అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడైంది. నేనూ టెస్సీ నారింజరంగు టోపీలు పెట్టుకుని అడవిలోకి వెళ్ళాం. అది జింకల వేట కాలం. ఆ రంగు లేకుండా వెళితే మనిషికీ జింకకీ తేడా తెలియని మహానుభావులు మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురున్నారు. రెమ్మ పట్టుకుని బొటనవేలితో వంచితే టక్కున విరిగింది. ఆ చప్పుడు వినే తెలుస్తుంది, చెట్టు సిద్ధంగా ఉందని. టెస్సీ ప్రతి టక్కుకీ ఒక గంతేసింది.

ఇంటికొచ్చి తీగచుట్టలు చూసుకుంటే ఒకటి తక్కువైంది. పెరటి వెనకున్న ఫర్ చెట్టుకి కూడా కింది రెమ్మల కొసలు లేవు. కుందేలు నిలబడితే అందేంత ఎత్తు వరకు ఎవరో తుంచేశారు.

"కుందేళ్ళు దండల వ్యాపారం పెట్టినట్టున్నాయే," అన్నాను.

టెస్సీ వంగి బూటుతాడు విప్పుకుంది. నా వేలు ఎక్కడుందో కూడా చూడలేదు.

పండగ ముందురోజు బుధవారం. ఆ మధ్యాహ్నం సరుకు బండి వస్తుంది. టెస్సీ బడికి వెళ్ళింది, ఆరోజు ఒంటిపూటే. నేనూ మేవిస్ కొట్టంలో చివరి దండలు కడుతున్నాం. తలుపు తీసుకుని క్లేటన్ లోపలికొచ్చాడు. జిల్లా పోలీసు. డార్సీతో చదువుకున్న కుర్రాడు. ఒకప్పుడు మా వంటింట్లో కూర్చుని మా రొట్టెలన్నీ తినేసి వెళ్ళేవాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేవిస్ గారూ, కాస్త కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను కదయ్యా. చెప్పు."

చెప్పాడు. డార్సీ ముందురోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆ ఇంట్లోంచి వచ్చేసింది. ఎవరిదో కారు. పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకు వెనకాల ఆగి ఉంది. తెల్లారి బంకువాడు అద్దం తట్టాడు. ఊపిరి ఆగి అప్పటికే చాలాసేపైంది.

మేవిస్ చేతిలో తీగ అలాగే ఉంది.

"ఎటు పోతోంది అది?"

"అమ్మా?"

"ఆ కారు. ఎటు తిరిగి ఉంది?"

క్లేటన్ నా వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు. "ఇటే. ఇంటికే వస్తోందమ్మా."

నేను అతని చేతిని చూశాను. బొటనవేలు నడుం బెల్టు వెనక దూర్చి ఉంది. పోలీసు బెల్టుకి సవాలక్ష సామాన్లుంటాయి, చెయ్యి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా. చూడకుండా ఉండాల్సింది. చూశాను. మేవిస్ చూడలేదు.

"ఇటే వస్తోందట," అంది మేవిస్ నాతో.

"విన్నాను," అన్నాను.

శుక్రవారం బ్యాంగర్ రావాలని చెప్పి క్లేటన్ వెళ్ళిపోయాడు. మేవిస్ కదిలింది. ఏడుస్తుందనుకున్నాను. సగంలో ఉన్న దండ ఒళ్ళోకి లాక్కుని, ఇంకో గుత్తి పేర్చి, తీగ చుట్టి బిగించింది. తర్వాత ఇంకోటి. నేను చెయ్యి పట్టుకోబోయాను.

"బండి వస్తుంది," అంది. "ఊరికే కూర్చోకు. ఆ కొసలు ఇటందించు."

అందించాను. ఇద్దరం అన్నీ కట్టేశాం. ఆరోజు కట్టిన దండలు మా జన్మలో కట్టినవాటన్నిటికంటే బిగువుగా వచ్చాయి. ఏ ఊరి తలుపులకు వెళ్ళాయో. బండివాడు ఈలపాట పాడుకుంటూ వచ్చి, అన్నీ ఎక్కించుకుని, "పండగ బాగా చేసుకోండమ్మా!" అన్నాడు.

"నువ్వూను నాయనా," అంది మేవిస్. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత కొట్టం గోడకి ఆనుకుని కిందికి జారింది. ఆ చప్పుడు నేను రాయను.

టెస్సీ బస్సు దిగేసరికి మేవిస్ మొహం కడుక్కుని ఉంది.

వచ్చీ రాగానే టెస్సీ సొరుగులోంచి మేజోడు తీసి మేకుకి తగిలించి, వెనక్కి తగ్గి నిలబడింది. మేవిస్ పొయ్యి దగ్గరకొచ్చింది, క్రాన్‌బెర్రీ పచ్చడి కలిపింది, వెళ్ళిపోయింది. మేజోడు మేకు మీదే ఉంది. చీకటి పడే వేళకి టెస్సీ ఆగలేకపోయింది.

"అమ్మమ్మా, నువ్వు మేజోడు తీయడం మరిచిపోయావ్."

"ఉండనీలే."

"ఇంకా గింజలు అవలేదుగా?"

"ఉండనీ అన్నానుగా తల్లీ."

టెస్సీ ఆమెని కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత పీట తెచ్చుకుని, ఎక్కి, మేజోడు తనే తీసి, మడతపెట్టి సొరుగులో పెట్టేసింది. "తప్పు కదా," అంది నాతో, గుసగుసగా.

మేవిస్ నన్ను కొట్టంలోకి పిలిచింది. బల్ల నిండా తెగిన తీగముక్కలు.

"దానికి చెప్పొద్దు," అంది.

"ఎప్పటిదాకా?"

"క్రిస్మస్ వెళ్ళేదాకా. ఒక్క పండగ దానికి మిగలనీ, మెర్టన్. రేపే చెట్టు తెద్దాం. దీపాలు పెడదాం. అన్నీ పెడదాం."

ఆ మాట ఎవరంటున్నారా అని నేను ఆమె మొహంలోకి చూశాను. నలభయ్యేళ్ళ కాపురంలో నా చిన్న చిన్న అబద్ధాలకి కూడా వాత పెట్టిన మనిషి.

"అంతవరకు అది రోజూ కిటికీ దగ్గర కూర్చుంటుంది. క్రిస్మస్ నాడు ఏం చెప్తావ్? బండి ఆలస్యమైందంటావా?"

"ఏదో ఒకటి."

"తర్వాత?"

"నీకేం తెలుసు! ఊరంతా కోతలు కోసుకుంటూ తిరిగేవాడివి, ఇప్పుడు నాకు సత్యం బోధిస్తావా?"

"అబద్ధం సంగతి నాకు తెలిసినంతగా నీకు తెలీదు మేవిస్. దాన్ని ఒకరోజుకి వాడొచ్చు. నెల పెంచలేం."

ఆమె చాలాసేపు తీగముక్కలు ఏరి డబ్బాలో వేసింది. నేల మీద పడ్డవి కూడా ఏరింది.

"అయితే భోజనం అవనీ. అది తిననీ. తర్వాత నువ్వే చెప్పు. నాకు చెప్పడం చేతకాదు."

మర్నాడు టర్కీ కాలింది. బంగాళాదుంపలు మెదిపాం. మామూలుగా జరిగేవన్నీ జరిగాయి. మేవిస్ బల్ల మీద నాలుగు కంచాలు పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలిసినట్టు లేదు. టెస్సీ నాలుగో కంచం చూసి, "అది అమ్మ కంచమా? అమ్మ రాలేదుగా," అంది. మేవిస్ గింజలు పెట్టే చెయ్యి ఆ కంచం దగ్గర ఆగింది. అక్కడ గింజలు పెట్టలేదు. కంచం మాత్రం తీయలేదు.

టెస్సీ ముందు మొదలుపెట్టింది. మంచు కురిసినందుకు ఒకటి. టీచరమ్మ తనని పక్కబల్లకి మార్చినందుకు ఒకటి. దుప్పికి ఒకటి.

"దుప్పి వచ్చిందా?" అడిగాను నేను.

"కథ వచ్చిందిగా."

నాలుగోది అమ్మ ఫోనులో నవ్వినందుకు. అయిదో గింజ చేతిలో పట్టుకుని మేవిస్ వైపు చూసి, "దీన్ని దాచుకుంటా. అమ్మ వచ్చాక చెప్తా. అప్పుడు బేరం కాదుగా?" అని గౌను జేబులో వేసుకుంది.

మేవిస్ కాదనలేదు. తన మొదటి గింజ తీసుకుంది.

"డార్సీ పుట్టిన రోజు రోడ్డు మీద మంచు లేనందుకు," అంది. గింజ గిన్నెలో పడింది.

"డార్సీ అయిదో ఏట నా కొత్త పరదా కత్తిరించి పిల్లికి గౌను కుట్టినందుకు."

టెస్సీ నోరు తెరిచింది. "అమ్మ కుట్టిందా? పిల్లికా?"

"డార్సీకి పాట వచ్చినందుకు. రాగం రాకపోయినా పాడినందుకు." ఇంకో గింజ. "డార్సీ నిన్ను కని, ఇంటికి తెచ్చి, నా చేతుల్లో పెట్టి, అమ్మా దీన్ని కాస్త పట్టుకో అన్నందుకు."

"అన్నీ అమ్మవే!" టెస్సీ కుర్చీలో ఎగిరింది. "అమ్మమ్మా, అన్నీ అమ్మవే చెప్తున్నావ్!"

"అవును. అన్నీ వచ్చినవే," అంది మేవిస్. అయిదో గింజ చాలాసేపు చేతిలో ఉంది. చివరికి, "ఇటే వస్తున్నందుకు," అని, నా వైపు చూడకుండా గిన్నెలో వేసింది.

టెస్సీకి ఆ మాట తప్పనిపించింది. నియమం ప్రకారం తప్పే. కానీ అమ్మమ్మ మొహం చూసి ఊరుకుంది. నా వంతు వచ్చింది. నా అయిదు గింజలకీ నేను ఏమన్నానో గుర్తులేదు. వేలు మాత్రం పట్టీ వెనక పెట్టలేదు, అది గుర్తుంది.

కోడి తిన్నాం. టెస్సీ రెండుసార్లు పెట్టించుకుంది. మేవిస్ కంచాలు కడిగింది, టెస్సీ తుడిచింది. నాలుగో కంచం మురికి కాలేదు, అయినా మేవిస్ దాన్నీ కడిగింది. ఆఖరి కంచం అలమరలోకి వెళ్ళి తలుపు మూతపడిందో లేదో, టెస్సీ గుడ్డ విసిరేసి, "అయిపోయింది! ఇప్పుడు క్రిస్మస్!" అని కేకేసి తన గదిలోకి పరుగెత్తింది. మంచం కింద నుంచి బూట్ల అట్టపెట్టె ఒకటి లాక్కొచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకెళ్ళింది.

"కళ్ళు మూసుకో తాతా. నేనే కట్టాను. నేనొక్కదాన్నే. అమ్మ వచ్చేసరికి తలుపుకి ఉండాలని."

మూత తీసింది.

లోపల తీగచుట్ట ఉంది. ఎండిన పుల్లలు, వాటికి అడ్డదిడ్డంగా చుట్టిన తీగ. పెట్టె అడుగున గోధుమరంగు సూదులు గుప్పెళ్ళకొద్దీ రాలి ఉన్నాయి. మంచుకి ముందే, ఎప్పుడో అక్టోబరులో, పెరటి చెట్టు కింది రెమ్మలు తుంచి కట్టినది.

టెస్సీ చాలాసేపు దాన్ని చూసింది. ఏడవలేదు. సూదులు కొన్ని వేళ్ళతో తీసి పుల్లల మీద పెట్టింది. జారిపోయాయి.

"పచ్చగా ఉండింది తాతా," అంది. "నిజంగా. పెట్టినప్పుడు పచ్చగానే ఉంది."

"తెలుసు."

"అమ్మ వచ్చేలోపు ఇంకోటి కడదామా? నువ్వు కొసలు అందిస్తే నేను కడతా."

నా వెనక గుమ్మంలో మేవిస్ నిలబడి ఉందని నాకు తెలుసు. చేతిలో గుడ్డ పట్టుకుని ఉంటుంది. ఆమె పిలవలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను, టెస్సీ కళ్ళకి నా కళ్ళు సమంగా వచ్చేలా. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టాను, వేళ్ళన్నీ చాచి.

"టెస్సీ, ఇటు చూడు. నా చేతులు చూడు."

చూసింది.

"అమ్మ రాదు. క్రిస్మస్‌కీ రాదు. అమ్మ చనిపోయింది తల్లీ."

అది నా మొహం చూడలేదు. నా ఎడమ చేతి బొటనవేలు చూసింది. మోకాలి మీద, బంక మరకలతో, అందరికీ కనపడేలా ఉంది. కథకి ఇంకా ముగింపు ఉందేమో అన్నట్టు, కాసేపు అలాగే ఎదురుచూసింది. నవ్వడానికి సిద్ధంగా కూడా ఉంది, పెదాల చివర.

తర్వాత పెట్టె కింద పెట్టింది. రెండు చేతులతో నా బొటనవేలు పట్టుకుని, పైకెత్తి, జాగ్రత్తగా నా పట్టీ వెనక్కి దూర్చింది. జారిపోకుండా పట్టీ మీద అరచేత్తో ఒకసారి తట్టింది.

"ఇప్పుడు చెప్పు తాతా," అంది.

నేను వేలు బయటికి తీశాను. మళ్ళీ చెప్పాను.